మడికీ సంచీకీ నడుమ

మా తోడికోడలు లక్ష్మీసుందరి అనకాపల్లి బస్సెక్కి రెండేళ్ళు దాటింది. చోడవరం నుంచి అనకాపల్లి ఎంత దూరమని? ఒక కునుకు తీసేలోపల వచ్చేస్తుంది. కానీ ఆ కాసేపూ బస్సు ఆగదు. ఆగినా ఆడది దిగి వెళ్ళడానికి చోటుండదు. "వస్తోంది" అని ఆవిడకి తెలిసిన తరవాత మిగిలేది మా పెరటి గుమ్మం నుంచి బాత్రూం దాకా పరిగెత్తేంత వ్యవధి. కొన్నిసార్లు అదీ ఉండదు.

ముందు జరిగింది చెప్పాలి. ఆవిడకి పేగు చివర కేన్సరు గడ్డ వచ్చింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, గడ్డ ఉన్న భాగం తీసేసి, మిగిలిన పేగుని కలిపి కుట్టారు. ఆ కుట్టు మానేదాకా పొట్ట మీద రంధ్రం పెట్టి, దానికొక ప్లాస్టిక్ సంచీ అతికించారు. మలం ఆ సంచీలోకి వచ్చేది. ఏడాది తిరక్కుండానే రంధ్రం మూసేసి పేగుని దాని దారిలో పెట్టారు. గడ్డ పోయింది, సంచీ పోయింది, ఇంకేం కావాలి అనుకున్నాం. ఆ రోజు మా ఇంట్లో బూరెలు వండుకుని తిన్నాం కూడా. అసలు బాధ ఆ తరవాత మొదలైంది. గడ్డతో పాటు ఆపుకునే శక్తి కూడా పోయినట్టుంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఎన్నిసార్లు వెళ్ళేదో ఆవిడే లెక్కపెట్టడం మానేసింది.

నా పేరు శ్రీదేవి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆవిడ భర్త వేంకటరమణమూర్తిగారు రెవెన్యూ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన తమ్ముడు ఫణిభూషణ్ మా ఆయన. ఒకే ఇల్లు, రెండు వాటాలు, ఉమ్మడి పెరడు. నాకు కోపం ఎక్కువని ఇంట్లో పేరు. ఇది చెబుతున్నప్పుడు కూడా నాకు చాలాచోట్ల కోపం వస్తుంది, దాచుకోను.

సుందరక్కయ్య పుట్టింది రోలుగుంట వైపు. పదో తరగతి కాగానే పెళ్ళి చేసి ఇక్కడికి పంపారు. మా అత్తగారు ఆవిడకి నేర్పిన చదువు ఒక్కటే, మడివంట. అందులోనూ తద్దినం వంటలో ఈ ఊళ్ళో ఆవిడకి సాటి వచ్చేవాళ్ళు లేరు. మావాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఆడామగా అందరూ ఉద్యోగస్థులే. తద్దినం రోజున సెలవు పెట్టగలరు గానీ, తలస్నానం చేసి మడి కట్టుకుని, పొయ్యి దగ్గర పీట వేసుకుని, ఉప్పు చూడకుండా, మాట్లాడకుండా గారెలూ పరమాన్నం నువ్వుల పచ్చడీ కందాబచ్చలీ అన్నీ వేళకి దింపడం ఎవరికి వచ్చు? "సుందరిగారూ, మా మావగారి తిథి" అని వచ్చి పిలిచేవారు. ఆవిడ వెళ్ళి వండి పెట్టి, తాంబూలం తీసుకుని వచ్చేసేది. తను వండితేనే పెద్దలు తృప్తిగా తింటారన్న గర్వం ఆవిడ నడకలోనే తెలిసిపోయేది.

"అక్కయ్యా, పై లోకంలో నీ వంట కోసం క్యూ కట్టేరుట" అని ఆటపట్టించేదాన్ని.

"నవ్వుకోవే. నీ తద్దినం కూడా నేనే వండాలి" అనేది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది.

పొట్ట మీద సంచీ ఉన్నన్నాళ్ళూ ఆవిడ వంటింటి గడప దాటలేదు. ఎవరూ వద్దనలేదు. తనకి తానే పెట్టుకున్న నియమం. దేవుడి గది వైపు చూసి దణ్ణం పెట్టి వీధి అరుగు మీద కూర్చునేది. అలాగని బాధపడుతూ కూర్చుందా అంటే అదీ లేదు. అప్పుడే ఆవిడ హాయిగా తిరిగింది. పెళ్ళిళ్ళకి వెళ్ళింది. ఆటో ఎక్కి నాతో వడ్డాది సంతకి వచ్చి, పచ్చళ్ళకి కాయలు బేరమాడింది. కంటినిండా నిద్రపోయింది, కాస్త ఒళ్ళు కూడా చేసింది. ఒక్క వంటింట్లోకే రాలేదు.

నాకు ఒళ్ళు మండి వాదించాను. "అక్కయ్యా, నీకు సంచీలో ఉన్నదే మా అందరికీ కడుపులో ఉన్నాది. మాకు లేని అమంగళం నీకెక్కడి నుంచి వచ్చింది?"

"లోపల ఉన్నది లోపల. గడప దాటి బయటికొచ్చింది వేరే. లెక్కల టీచరువి, ఆపాటి తెలీదా?" అంది.

సంచీ తీసేశాక మడి మళ్ళీ మొదలైంది. ఇక్కడే మా ఇళ్ళల్లోనే జరిగే తప్పు జరిగింది. దొడ్డికి వెళ్ళొస్తే స్నానం చేసి బట్ట మార్చుకుంటే తప్ప వంటింట్లోకి రాకూడదని ఆవిడకి చిన్నప్పటి నుంచి పట్టుదల. రోజుకి ఒకసారి వెళ్ళే మనిషికి పెట్టిన నియమం అది. గంటకి రెండుసార్లు వెళ్ళే మనిషి కూడా దాన్ని వదలలేదు. వెళ్ళడం, నీళ్ళు పోసుకోవడం, బట్ట మార్చడం, పొయ్యి దగ్గరికి రావడం, మళ్ళీ వెళ్ళడం. జుట్టు ఆరేది కాదు. కింద చర్మం ఒరుసుకుపోయి పుండైంది. జలుబు వదిలేది కాదు. మా ఇంట్లో అంట్లు తోమే అప్పలనరసమ్మ నూతి గట్టు దగ్గర నిలబడి అరిచేది.

"ఏటమ్మా, మల్లీ తానమేటి? సలికి కొయ్యబారిపోయి సచ్చిపోతావు. సంచీ ఉన్నప్పుడే సుకంగా ఉన్నావు గదా!"

"నోరు మూసుకుని పని చూసుకో" అనేది అక్కయ్య, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే.

కార్తీకమాసంలో పరీక్ష కోసం విశాఖపట్నం తీసుకెళ్ళాం. కారు మాట్లాడుకున్నాం. దారిలో ఏ పెట్రోలు బంకులో బాత్రూం తాళం వేసి ఉంటుందో, ఏ హోటలువాడు చిరాకు పడతాడో ఆవిడకి కంఠతా వచ్చు. సర్జన్ గారు కాగితాలన్నీ చూసి చెప్పారు. గడ్డ తిరగబెట్టలేదు. మందులు, వ్యాయామాలు, తిండిలో మార్పులు, చెయ్యాల్సినవన్నీ చేశాం. ఇంతకంటే తగ్గుతుందని ఆశ పెట్టలేను. కావాలంటే మళ్ళీ సంచీ పెట్టొచ్చు. ఈసారి శాశ్వతంగా, ఇంక తీసేది ఉండదు. వద్దనుకుంటే ఇలాగే ఉండొచ్చు, ప్రాణానికి ప్రమాదం లేదు.

"ఇందులో నేను చెప్పేది లేదమ్మా. మీ ఇష్టం" అన్నారు. "నేను నెలాఖరు నుంచి కొన్నాళ్ళు ఊళ్ళో ఉండను. పెట్టించుకునేట్టయితే వచ్చే సోమవారంలోగా ఫోన్ చెయ్యండి, నేను వెళ్ళేలోపల చేసేద్దాం."

ఆవిడ గాభరాగా భర్త వైపు చూసింది. పుట్టింట్లోగానీ మెట్టినింట్లోగానీ ఎవరూ ఆవిడతో మీ ఇష్టం అని ఉండరు. బావగారు తల పైకెత్తి ఫ్యాను చూస్తూ కూర్చున్నారు. నాకు ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది.

ఇంటికి వచ్చిన మర్నాడు నేను తిన్నగా అడిగేశాను. "ఏటి నిర్ణయించేవు?"

"ఏటీ నిర్ణయించలేదు. శుక్రవారం అత్తయ్య తిథి. వంట నేనే చేస్తాను. మొదటి నుంచి చివరి దాకా, వడ్డన కూడా. అది చెయ్యగలిగేననుకో, ఇంక ఈ ఇంట్లో ఎవరూ సంచీ మాట ఎత్తకూడదు. సోమవారం డాక్టరుకి అక్కర్లేదని చెప్పేస్తాను."

"చెయ్యలేకపోతే?"

"చెయ్యలేకపోవడం ఏటి?" అని కసిరి వెళ్ళిపోయింది.

కిందటి సంవత్సరం ఆ తిథికి ఆవిడ లేవలేని స్థితిలో ఉండి, అనకాపల్లి నుంచి వంటాయన్ని పిలిపించారు. ఆ అవమానం ఆవిడ మర్చిపోలేదు. ఆవిడ పట్టుదల నాకు అర్థమైంది గానీ, పూర్తిగా నమ్మలేకపోయాను. ఇంత యాతన పడేది ఒక్క మడి కోసమేనా? సంచీ ఉన్న రోజుల్లో బావగారి మంచం హాల్లోకి మారిన సంగతి నేను గమనించాను. అడిగితే "ఆయనకి గురక, నాకు నిద్ర పట్టదు" అంది. ముప్ఫై ఏళ్ళు లేని గురక అప్పుడెలా వచ్చిందో నేను మళ్ళీ అడగలేదు.

గురువారం సాయంత్రం అసలు సంగతి బయటపడింది. ఆవిడ మంగళవారం నుంచి అన్నం తినలేదు. మజ్జిగ నీళ్ళు తాగి, విరేచనాలు ఆగే బిళ్ళలు మింగుతోంది. తద్దినానికి ముందు రోజు ఒంటిపూట ఉండడం మాకు మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బావగారైతే పురోహితుడికి ఫోన్లో "మా ఆవిడ రెండ్రోజుల ముందు నుంచే ఉపవాసం ఉంటన్నాదండీ" అని గొప్పగా చెప్పుకున్నారు.

"అక్కయ్యా, నీకేమైనా మతి పోయిందా? డాక్టరు చెప్పేడా ఇలా చెయ్యమని?"

"ఖాళీ కడుపులోంచి ఏం వస్తుందే? నా కడుపు సంగతి నాకు తెలీదూ?" అని పెరట్లో రేకుల కింద ఎత్తుగా కట్టిన దండెం మీదికి కర్రతో మడి చీరలు ఆరవేసింది. వాయుగుండం పట్టి రెండ్రోజులుగా ముసురు. ఉన్నవి నాలుగే చీరలు. అవి ఆరతాయో ఆరవో ఆవిడ దిగులు. ఆవిడ నిలబడుతుందో నిలబడదో నా దిగులు.

శుక్రవారం తెల్లవారేసరికి ఇద్దరం స్నానాలు చేసి వంటింట్లో ఉన్నాం. నేనూ మడి కట్టుకున్నాను గానీ నా పని పొయ్యికి ఇవతలే. తరగడం, రుబ్బడం, అందించడం. పొయ్యి దగ్గరికి రానివ్వదు. అలవాటు కొద్దీ రుచి చూసేస్తానని ఆవిడ భయం. తద్దినం వంట ఎంగిలైతే మొత్తం పారబొయ్యాలి.

మొదట అంతా బాగానే సాగింది. పప్పు ఉడికింది, పాలు పొంగాయి. మంట ముందు పీట మీద కూర్చున్న ఆవిడ మొహంలో చాన్నాళ్ళకి పాత కళ కనిపించింది. చూశావా అన్నట్టు నాకేసి కళ్ళెగరేసింది. నేను కూడా, ఏమో, నెగ్గుకొస్తుందేమో అనుకున్నాను. మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను.

కంద ఉడుకుతుండగా ఆవిడ కడుపులోంచి గుడగుడమని పెద్ద శబ్దం వచ్చింది. ఇద్దరం విననట్టు ఊరుకున్నాం. ఇంకోసారి వచ్చింది. ఆవిడ గరిటె కింద పెట్టి, మంట తగ్గించమని సైగ చేసి, పెరట్లోకి పరిగెత్తింది. నూతి దగ్గర చేద పడిన చప్పుడు, ఒంటి మీద చన్నీళ్ళు పోసుకున్న చప్పుడు విన్నాను. రెండో చీర కట్టుకుని వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. పొయ్యి ముందు కూర్చుని ఏమీ జరగనట్టే కూర దింపింది.

గారెల పిండి చేతిలోకి తీసుకునేసరికి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. తిండి లేకపోతే ఏమీ రాదనుకుంది పాపం. బంకా పసరూ వస్తూనే ఉన్నాయి. మూడో చీర సగం తడిగానే ఉంది. పెదాలు నల్లబడ్డాయి.

"ఇంక చాలు, లే. నేను వేయిస్తాను. ఒట్టు, నోట్లో పెట్టను."

తల అడ్డంగా ఊపింది. గారెలు వేయిస్తున్నంతసేపూ ఎడమ చెయ్యి నేల మీద ఆనించే ఉంది. నేను గారెల్ని చూడలేదు, ఆ చేతినే చూశాను.

తద్దినం భోజనానికి పిలిచిన భోక్తలు వచ్చారు. హాల్లోంచి మంత్రాలు వినిపిస్తున్నాయి. మధ్యలో బావగారి గొంతు "అయిందా?" అని రెండుసార్లు వచ్చింది. రెండోసారి నేనే "అవుతోందండీ" అని కేకేశాను. అప్పటికి ఆవిడ మళ్ళీ బాత్రూంలో ఉంది. ఆఖరి చీర కట్టుకుని వచ్చి, పరమాన్నంలో బెల్లం కలిపి దింపింది. వంట అయింది. లేవబోయి, గోడ పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. "అక్కయ్యా" అన్నాను. "అయిపోయిందే, వడ్డనే కదా" అంది. ఆ గొంతు నాకు వినపడీ వినపడనట్టుంది.

విస్తళ్ళ ముందు భోక్తలు ఇద్దరూ కూర్చున్నారు. చేతికి దర్భ ఉంగరంతో బావగారు నిలబడ్డారు. ఒకసారి వడ్డన మొదలైతే మధ్యలో ఆగకూడదు, భోక్తలు లేవకూడదు, అడ్డు మాట రాకూడదు. అక్కయ్య అన్నం పెట్టింది. పప్పు వేసింది. కూరలు వేసింది. నేను వెనక నుంచి గిన్నెలు అందిస్తున్నాను. గారెలు, పరమాన్నం పడ్డాయి. ఇంక నెయ్యి వెయ్యడమే. ఆ తరవాత భోక్తలు విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి, పరిషేచనం చేసి తినడం మొదలుపెడతారు. అంతవరకు నిలబడితే ఆవిడ నెగ్గినట్టే.

నేతి గిన్నె అందుకోడానికి చెయ్యి చాచి, అలాగే ఆగిపోయింది.

ఆవిడ మొహం తెలుసు కాబట్టి నాకు తెలిసిపోయింది. ఇంకెవరికీ తెలియలేదు. తడి చీర కావడం వల్ల తెలిసే వీలూ లేదు. రెండు విస్తళ్ళలో నెయ్యి వేస్తే అయిపోతుంది. ఆవిడ నాకేసి చూసింది. వేసెయ్యి అక్కయ్యా అని నేను కళ్ళతోనే బతిమాలాను. నేను చచ్చినా ఎవరికీ చెప్పనని ఆవిడకి తెలుసు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు అడుగులు వెనక్కి వేసి, దేన్నీ తాకకుండా గోడ వారగా నిలబడింది.

"ఏటది, నెయ్యి వెయ్యి" అన్నారు బావగారు మెల్లిగా.

"నేను మడిలో లేను" అంది.

అందరూ విన్నారు. పురోహితుడు మంత్రం మధ్యలో ఆపేశాడు. భోక్తలు తల దించుకుని విస్తళ్ళలోకి చూస్తున్నారు. బావగారి మొహం ఎర్రబడింది. ఎవరికీ వినపడదనుకున్నారో ఏమో, పళ్ళ బిగువున అన్నారు.

"ఇవాళే రావాలా అది?"

ఆ మాటకి నా చేతిలో గిన్నె ఆయన నెత్తి మీద వెయ్యాలన్నంత కోపం వచ్చింది. అక్కయ్య మాత్రం పెరటి గుమ్మం వైపు మెల్లిగా నడిచి వెళ్ళిపోయింది. ఇంక పరిగెత్తే అవసరం లేదు కదా. పురోహితుడు గొంతు సవరించుకుని "ఆ అమ్మగారు అందుకుంటారు, కానివ్వండి బాబూ" అన్నాడు. ఆ నెయ్యి నేను వేశాను. మిగతా వడ్డన నేను చేశాను. బయట చేద నూతిలో పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కార్యక్రమం ముగిసి అందరూ వెళ్ళేసరికి సాయంత్రమైంది. అక్కయ్య వెనక వసారాలో మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. నేను ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గ్లాసుతో తాగిస్తున్నాను. మా ఆయన డాక్టరుకి ఫోన్ చేద్దామా అని రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళారు. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే నాకు నయంగా ఉండేది. బావగారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. వడ్డన దగ్గర అన్న మాట ఆయన్ని తినేస్తోందని చూస్తేనే తెలుస్తోంది. అయినా నాకు జాలి కలగలేదు.

"సుందరీ, పోనీ ఆ సంచీయే పెట్టించేసుకో. ఎందుకీ యాతన?" అన్నారు.

'పోనీ' అన్నందుకు కాబోలు, ఆవిడ లేచి కూర్చుంది.

"పెట్టించుకుంటాను. మరి మీరెక్కడ పడుకుంటారు?"

"ఏటి?"

"అప్పుడు హాల్లో పడుకున్నారు కదా. పక్క మీద సంచీ ఊడిపోయిన రోజు నుంచి. మీరు తలగడ తీసుకుని వెళ్ళిపోయేరు. ఒక్క మాట అనలేదు. ఆ దుప్పటి నేనే ఉతుక్కున్నాను. మళ్ళీ నా పొట్ట మూసేసిన వారానికి తలగడ తెచ్చుకుని వచ్చేరు. అప్పుడూ ఒక్క మాట అనలేదు."

నేను లేచి వెళ్ళిపోబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "నువ్వుండవే. ఇన్నాళ్ళూ మడీ మడీ అని నీతో చెప్పేను. అబద్ధం కాదు గానీ, అది సగమే. మడి పోతే స్నానం ఉంది, పంచగవ్యం ఉంది. ఈయన పక్కలోంచి లేచి వెళ్ళిపోతే ఏం చేసి తెచ్చుకోను?"

ఆయన ఏ నడుం నొప్పో, గురకో, ఏదో ఒకటి చెబుతారనుకుని నేను పోట్లాటకి సిద్ధంగా ఉన్నాను. ఆయన గుమ్మంలోనే కూలబడి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చెప్పారు.

"అసహ్యం వేసింది సుందరీ. నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోయేది. పక్కన పడుకుంటే వాంతొచ్చేది. రెండూ నిజమే. ఎవరితో చెప్పుకోను? ఇలాంటివాణ్ణని నాకే తెలీదు."

వసారా రేకుల మీద ముసురు పడుతూనే ఉంది. ఆవిడ ఆయన్ని అలా చూస్తూ ఉండిపోయింది. నేనైతే ఆ మాటకి చచ్చిపోయేదాన్ని. ఆవిడకి మాత్రం ఊపిరి తిరిగినట్టు కనిపించింది.

"నాకూ వేసిందండీ అసహ్యం" అంది. "మీకంటే ఎక్కువే వేసింది. మీరు హాల్లోకి వెళ్ళేరు. నేనెక్కడికి పోయి పడుకోను?"

ఆయన తలెత్తలేదు. భుజాలు కదిలాయి. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

మిగిలిన నీళ్ళు తాగేసి గ్లాసు నా చేతికిచ్చింది. "సోమవారం దాకా ఎందుకు, రేపే ఫోన్ చేస్తాను. పెట్టించుకుంటాను. ఇవాళ ఆ గోడ దగ్గర నిలబడ్డప్పుడే అనుకున్నాను. ఇంక పరిగెత్తలేను. మీరు హాల్లో పడుకుంటారో, ఇక్కడ పడుకుంటారో, అది చూసి నేను ఆగను."

"మరి మడి?" నా నోరు ఊరుకోలేదు.

"దాని సంగతి నేను చూసుకుంటాను. నాకు ఆకలేస్తన్నాదే, ఆ గారెలు మిగిలేయా?" అంది. మూడ్రోజుల తరవాత ఆవిడ అడిగిన మొదటి తిండి అది.

పదిరోజుల్లో ఆస్పత్రిలో చేరింది. ఆపరేషన్ ముందు రోజు సంచీల సంగతి చూసే నర్సు వచ్చింది, ఇరవై ఐదేళ్ళ పిల్ల. రంధ్రం ఎక్కడ పెట్టాలో పొట్ట మీద పెన్నుతో గుర్తు పెడతారట. మొదటిసారి హడావిడిలో చేసినందువల్ల అది సరిగ్గా లంగా బొందు కట్టే చోట పడి, ఉన్నన్నాళ్ళూ ఒరుసుకుపోయింది. ఈసారి ఎడమ వైపు పెడతామనీ, అప్పటిలా చిన్నపేగు కాక పెద్దపేగు కాబట్టి అంత నీళ్ళగా రాదనీ ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. బావగారిని కాసేపు బయట ఉండమంది. ఆయన లేచారు.

"ఆయన్ని ఉండనీ అమ్మా. చూడాల్సిందేదో ముందే చూస్తారు" అంది అక్కయ్య. ఆయన మళ్ళీ కూర్చున్నారు.

"కుర్చీలో కూర్చోండి ఆంటీ. పొట్ట ఎక్కడ మడత పడుతుందో చూస్తాను."

అక్కయ్య కుర్చీలో కూర్చోలేదు. తను తెచ్చుకున్న చేతిసంచీలోంచి ఉతికిన మడి చీర తీసింది. ఆస్పత్రి గౌను పొట్ట పైకి ముడివేసి, నడుముకి గోచీ పోసి కట్టుకుంది. నేల మీద దుప్పటి మడతపెట్టి పీటలా వేసుకుని, ఒక మోకాలు పైకి పెట్టి కూర్చుంది. కుడిచేత్తో లేని గరిటె పట్టుకుని, లేని పొయ్యి మీదికి వంగింది. నర్సు నోరు తెరుచుకుని నాకేసి చూసింది.

"కుర్చీలో కూర్చుంటే చాలాంటీ, పరవాలేదు."

"నేను కుర్చీలో కూర్చుని వండను కదమ్మా. వచ్చే ఏడు మా అత్తగారి తిథి ఉంది. ఇలా వంగినప్పుడు అడ్డు రాకూడదు, ఊడకూడదు. ఇలాగే చూసి పెట్టు."

ఆ పిల్ల కూడా నేల మీద కూర్చుంది. ఒకచోట చుక్క పెట్టింది. వంగితే అది మడతలోకి పోయింది. తుడిచేసి ఇంకోచోట పెట్టింది.

"భోక్తలు ఒప్పుకుంటారా అక్కయ్యా?" అని అడిగాను.

"దాచి పిలవను, చెప్పే పిలుస్తాను. వచ్చినవాళ్ళకే వడ్డిస్తాను" అని, ఆ చుక్క మీద వేలు పెట్టి నర్సుకి చెప్పింది. "ఇక్కడ బొందు పడుతుందమ్మా. ఇంకొంచెం పైకి."